తల ఉన్న పోగు

చంకకర్ర విరిగే ఆ వడ్రంగి భార్య పోయింది. అందులో అనుమానం లేదు. మెట్లు దిగుతుంటే కర్ర పుటుక్కుమంది, మనిషి కిందికి దొర్లింది. "ఆవిడ బరువెక్కువ, కర్ర తప్పేం లేదు" అని చేతులు దులుపుకున్నాడు ఆ ప్లాస్టిక్ కర్ర చేసిన కంపెనీ యజమాని. వడ్రంగి మాత్రం విరిగిన ముక్కలు పారేయలేదు.

కూతురు ల్యాబులో చేరి, కర్రలకు పనికొచ్చే గట్టి సరుకు తయారుచేసింది. కొనడానికి అదే యజమాని వచ్చాడు. పిలవకపోయినా ఆమె తండ్రీ వచ్చాడు, చంకలో ముక్కల మూటతో.

"నాన్నా, మిషన్‌కి దూరంగా నిలబడు. అది నీ రంపం కాదు."

"రంపమైతే నువ్వు నిలబడేదానివి దూరంగా."

ఆమె రెండు బద్దలు చూపించింది. రెండింట్లోనూ కలిపింది అవే రెండు ప్లాస్టిక్కులు, లోపల బలానికి వేసిన సన్నటి పోగులూ అంతే బరువు. తేడా ఆకారంలోనే. ఒకదాంట్లో పోగులు నున్నగా, సూటిగా ఉన్నాయి. రెండోదాంట్లో ప్రతి పోగుకీ రెండు కొసలూ ఎముక చివరల్లా లావుగా ఉన్నాయి.

మిషన్ మొదటి బద్దను నొక్కింది. ఠప్పున రెండైంది. విరిగిన చోట పోగులు దువ్వెనలో వెంట్రుకల్లా నిలబడ్డాయి.

"ఇవి తెగలేదు, జారి ఊడొచ్చాయి," అంది. "తల లేని మేకు ఊడదూ నాన్నా? అలాగే."

రెండోది వంగింది, తెల్లబడింది, మూలిగింది. విడిపోలేదు. తలలున్న పోగులు పట్టు వదల్లేదు. మిషన్ ఇంకా నొక్కుతూనే ఉంది. ఆయన ఊపిరి బిగబట్టాడు. ఎక్కడ తెగుతుందోనని కాదు. తన బిడ్డ చేసిన పని అది గనక.

ఆపై ఆమె మూట విప్పి, పాత ముక్కను భూతద్దం కింద పెట్టింది. "చూడండి సార్. ఇందులోనూ నున్నటి పోగులే. జారి ఊడొచ్చినవే. మా అమ్మ బరువుకి కాదు, ఎవరి బరువుకైనా ఇంతే."

యజమాని చాలాసేపు వంగి చూశాడు. లేచాక మొహం కందింది. "ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది పెద్దాయనా."

"అన్నావు. విన్నాను."

"క్షమించండి."

"అది నావల్ల కాదు. మా పిల్ల సరుకు కావాలంటే దానితో మాట్లాడు, బేరమాడకు. కర్రలు గట్టిగా చెయ్యి." ఆయన కూతురి భుజం మీద ఒకసారి చెయ్యేసి తీశాడు. "ఆ మెట్ల సంగతి దీనితో సరి. ఇక నా నోట రాదు. ఎవరూ అడగొద్దు, నువ్వు కూడా అమ్మా."