పటిక వగరు

పెడనలో సోమేశ్వరరావు అద్దకాల షెడ్డులో అందరిదీ చేతిపనైతే, ఉమాదేవిది నాలుకపని. పటిక నీళ్ళలో వేలు ముంచి నాలుకకు రాసుకుంటుంది. వగరు సరిపోతే తల ఊపుతుంది. ఆ తల ఊగందే ఎర్ర అద్దకానికి ఎవరూ అచ్చు ఎత్తరు. పటిక సరిగా పడిన చోటే కదా, తర్వాత కాగులో ఉడికించినప్పుడు ఎరుపు పట్టేది. పోయిన మొగుడు ఆమెకు ఇచ్చిపోయిన ఆస్తి ఈ రుచి ఒక్కటే.

ఆమె బాధ వేరే ఉంది. కొన్నాళ్ళుగా ఒంటేలు వస్తే ఆగదు. లేచేలోపే చీర తడుస్తుంది. చెప్పుకుంటే సిగ్గు, దాచుకుంటే నరకం. నీళ్ళు తాగడం తగ్గించింది, పెళ్ళిళ్ళు మానేసింది, బస్సెక్కడం మానేసింది. చివరికి కోడలు ఇంద్రజ పసిగట్టి గుడివాడలో డాక్టరమ్మ దగ్గరకు లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ పరీక్షలు చేయించి, "మూత్రం సంచి ఊరికే బిగుసుకుంటోందమ్మా. ఈ మాత్ర దాన్ని సడలిస్తుంది. నోరెండుతుంది. మరీ ఇబ్బందైతే వచ్చి చెప్పండి, మందు మార్చి చూద్దాం" అంది.

నోరెండితే ఎండింది, పోయిన ప్రాణం లేచొచ్చింది. బందరులో మేనకోడలి సీమంతానికి వెళ్ళి, గుమ్మం పక్కన చోటు వెతుక్కోకుండా అందరి మధ్యా కూర్చుని పాటలన్నీ విన్నది. అత్తగారు అంత హాయిగా నవ్వడం ఇంద్రజ ఎన్నడూ చూడలేదు.

ఆ సంతోషం చల్లారకముందే ఆపద ముంచుకొచ్చింది. పెద్ద ఆర్డరు దుప్పట్లు కాగులోంచి తీస్తే ఎరుపు లేదు, వెలిసిన గులాబీ రంగు. ఎండిన నోటికి అన్నీ వగరే. పలచటి పటిక నీళ్ళకు తల ఊపేసింది ఉమాదేవి. సోమేశ్వరరావు ఆ దుప్పట్లను తనే మోసుకెళ్ళి మూలన పెట్టాడు. తిట్టినా బాగుండేది.

డాక్టరమ్మకు చెప్పాల్సింది. ఏమని చెబుతుంది, నా నాలుక నాకు కావాలనా? మాత్రలు బియ్యం డబ్బాలో దాచి మానేసింది. పాత అవస్థ తిరిగొచ్చింది, దాని వెనకే నాలుకా తిరిగొచ్చింది. చీర లోపల పాతగుడ్డ మడత పెట్టుకుని షెడ్డుకు వెళ్ళింది.

పటిక తొట్టి పక్కన కొత్త కాటా ఉంది.

"ఇకమీదట తూకం వేసి కలుపుదామండీ పిన్నిగారూ," అన్నాడు సోమేశ్వరరావు, ఆమె ముఖం చూడకుండా. "మీకూ శ్రమ తగ్గుతుంది."

"ఒక్కసారి చూడనిస్తావా బాబూ?"

"అయ్యో, చూడండి."

తూకం వేసి కలిపిన ఆ నీళ్ళలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. తప్పుండాలని దేవుణ్ణి వేడుకుంది. ఎక్కడా తప్పు లేదు. మొగుడు నేర్పిన వగరే, అచ్చం అదే.

తల ఊపింది. అప్పటికే అవతల బల్ల మీద అచ్చులు పడుతున్నాయి.

ఇంటికొచ్చి బియ్యం డబ్బాలోంచి మాత్రలు తీసింది. ఇంద్రజకు విషయం అంతా అర్థమైంది.

"మళ్ళీ నోరెండుతుందేమో అత్తయ్యా. వేరే మందు అడుగుదామా?"

"ఎండనీయమ్మా. ఇక దాంతో ఎవరికీ పనిలేదు," అంటూ మాత్ర నోట్లో వేసుకుని, ఏడుస్తూనే గ్లాసెడు నీళ్ళూ తాగేసింది ఉమాదేవి.