కన్నులు తెరవని పటము

జలదపటలము విడివడి నిర్మలమైన నీలగగనమున శరద్భానుడు నిరాటంకముగ వెలుగుచుండగా, కంకులు వంగిన జొన్నచేలపై పాలపిట్టలు తమ నీలిరెక్కలను విప్పి ముడుచుచుండగా, నెలల తరబడి తడిసిన మట్టిగోడలు ఎండకు ఆవిరి విడుచుచుండగా, రేగులమిట్ట యను గ్రామమున సకలజనులును వాకిళ్లలోనికి వచ్చి వెచ్చదనము ననుభవించుచుండిరి. ఊరి పడమటి కొసనున్న యొక పెంకుటింటి నడిమిగదిలో మాత్రము ఒక పురుషుడు గోడకు వీపునానించి మోకాళ్లు కౌగిలించుకొని చెరపడినవానివలె కూర్చుండియుండెను. ఆతని పాదములకు సంకెల లేదు. తలుపునకు గొళ్లెమును లేదు. ఐనను ఆతడు నలువదియొక్క దినములుగ వీథిగడప దాటలేదు.

ఆతని పేరు కొమరేశము. కులవృత్తిచే నకాసు, అనగా పటములు వ్రాయువాడు. సాలెవారి కులకథను ఊరూర గానము చేయు కథకులకు ముప్పదిమూరల వస్త్రముపై ఆ కథయంతయు బొమ్మలుగ లిఖించి యిచ్చుట ఆతని వంశమునకు తాతముత్తాతల నాటనుండి సంక్రమించిన పని. ఆ యింట నొక నియమము కలదు. చింతగింజల అంబలియు సుద్దయు పట్టించిన గుడ్డపై ఎర్రరంగును బొమ్మల వెనుక నేలగ పూసిన నాడు మొదలు బొమ్మలకు కన్నులు తెరచువరకు చిత్రకారుడు పెరటిలోనికి పోవచ్చును గాని వీథిగడప దాటరాదు. కన్నులు తెరచుట యన మరేమియు కాదు, సర్వావయవములును సర్వాభరణములును ముగిసిన పిమ్మట చిట్టచివర నల్లగ్రుడ్డు నిలుపుట. ఆ నలుపు పడువరకు అది గుడ్డ, పడిన పిదప దేవత. ఈ నియమమును కల్పించిన పూర్వుడెవ్వడో కాని, కన్ను తెరువలేని చిత్రకారుడొకడు తన వంశముననే పుట్టి అందులో చిక్కుకొనునని ఆ మహానుభావునకు తోచియుండదు.

ఇరువదిరెండు దినములలో కొమరేశము పటమునంతయు ముగించెను. తక్కిన పందొమ్మిది దినములును వ్యర్థములై పోయెను. ఇన్నూటపండ్రెండు ముఖములు కన్నులు లేక ఆతనివైపు తిరిగియుండెను. వానిలో మొదట తెరువవలసినవి కులమాత కన్నులు. లోకమునకు వలువలు నేయుటకై తామరతూడుల నార తేబోవు ఏడేండ్ల కొడుకును కారడవికి సాగనంపుచు ద్వారముకడ నిలిచిన తల్లి యామె. ఆమె కన్ను కుదిరినచో తక్కినవన్నియు ఒక్కపూటలో పడును. ఆమె కన్ను కుదురలేదు. కుంచె చెక్కిలివరకు పోవును, అచట ఆగును, చేయి చల్లబడును, ఆతడు కుంచెను దింపి లేచి మరల కూర్చుండును.

తొలిదినమున దోషము కుంచెదనెను. ఉడుతవెంట్రుకలు తెప్పించి క్రొత్తకుంచె కట్టెను. మరునాడు దోషము దీపపుమసిదనెను. మసిని మూడుపూటలు నూరెను. పిమ్మట జిగురు చిక్కబడెననెను, కిటికీ వెలుతురు ఓరగ పడుచున్నదనెను, పొరుగింటి మగ్గము చప్పుడు తలలో దూరుచున్నదనెను. ఆతని భార్య కనకవ్వ వీనినన్నింటిని ఓర్పుతో వినుచుండెను గాని, అయిదవ కుంచె కట్టుచుండగా చూచి యామెకును ఓర్పు తప్పెను.

“ఊళ్లె ఉడుతలన్ని బోడిగైనయి గని, నీ కుంచె మాత్రం మంచిగైతలేదు,” అని యామె అన్నపుపళ్లెమును ముందు పెట్టి పోయెను. అన్నము చల్లారినది.

ఎదుటిగోడపై, క్రొత్తదానికి మాదిరిగ, కథకుల పాతపటము వ్రేలాడుచుండెను. అది నలువదియేండ్ల క్రిందట కొమరేశముని తండ్రి అనంతయ్య వ్రాసినది. అంచులు చిరిగి రంగులు పెళుసులై యెన్నియోచోట్ల రాలిపోయినను, అందలి కులమాత కన్నులు మాత్రము నేడో నిన్ననో తెరచినట్లు పటములోని కొడుకు మొగమును చూచుచుండెను. కొమరేశము చీపురుపుల్లతో ఆ కన్నును కొలిచెను. రెప్పకును గ్రుడ్డునకును నడుమ ఎంత యెడమో, కొస యెచట వంగినదో, తెలుపెంత విడిచినదో పుల్లపై గాట్లు పెట్టుకొని, పగిలిన పెంకుముక్కలపై వ్రాసి చూచెను. పెరటిలో పెంకుముక్కలు గుట్టపడెను. కొలత తప్పలేదు, వంపు తప్పలేదు. ఐనను ఆ కన్నులన్నియు సంతలో అమ్మకమునకు పోసిన చేపల కన్నులవలె నుండెను.

అప్పుడాతనికి నిజముగ భయము వేసెను. వెనుకగోడపై గ్రుడ్డిముఖములు, ముందుగోడపై తండ్రి కన్నులు, రెంటి నడుమ ఆరడుగుల నేల, దానిపై తాను. ఊపిరాడనట్లయి కిటికీకడకు పోవును. వీథిలో నడచువారిని చూచి అసూయపడును. కల్లుకుండ మోసికొనిపోవు గీతకానిని చూచియు అసూయపడును. తన చేయి తనది కాదని, ఎన్నడును తనది కాదని, తండ్రి చేతికి తగిలించిన తొడుగు మాత్రమేయని ఆతనికి తోచెను. ఆ తలంపు ఆతనిని లోలోపల తినివేయుచుండెను.

ఇచట చదువరికి ఒక సంగతి చెప్పవలసియున్నది. క్రొత్తపటము కన్ను తెరచు దినముననే పాతపటమునకు కాలము తీరును. దానికి మనుష్యునకు వలెనే పసుపునీట స్నానము చేయించి వాగులో కలుపుదురు. అనంతయ్య వ్రాసిన తక్కిన పటములన్నియు అట్లే పోయినవి. ఇది యొక్కటియే మిగిలినది. ఈ సంగతి కొమరేశమునకు తెలియనిది కాదు. తెలిసియు దానిని తన చేయి ఆగిపోవుటతో ముడివెట్టి ఆలోచింపలేదు. పాపము, మసి నూరుచుండెను.

ఇట్లుండ, బొమ్మలు ముగిసిన ఇరువదవనాడు ప్రొద్దువాలుచుండగా కథకుల పెద్దయగు పోశెట్టి, ఎనుబదియేండ్ల తన తల్లి బుచ్చవ్వను వెంటబెట్టుకొని వచ్చి అరుగుపై కూర్చుండెను. పిమ్మట తలవంచుకొనియే పలికెను.

“కొమరేశం తమ్ముడా, పున్నంనాడు మొదటి ఊర్లె పటం కట్టాలె. తప్పితే మా ఊర్లన్ని ఇంకో కథోళ్ల పాలైతయి. మా పదకొండిండ్లోళ్లం ఏడికి పోవాలె? రేపు పొద్దుగాల పాతపటానికి తానం పోస్తం. పొద్దుగూకెటాల్లకు వాగుల కలుపుతం. నడుమ నువ్వు కండ్లు తెరిస్తివా, సరి. లేకుంటె ఈ పటం గిట్లనే సుట్టుకొని ఇంకో నకాసాయన తానికి పోతం. కోపానికి రాకు.”

కొమరేశము కోపింపలేదు. కోపించుటకు ఆతనికి హక్కు లేదు. ఒక యింట పుట్టిన పటమునకు వేరొకని చేత కన్ను పడెనా, ఆ యింటి గడపకు మరల ఏ కథకుడును రాడు. ఏడుతరముల పని రేపటి సాయంకాలముతో తీరిపోవును. కనకవ్వ తలుపుచాటున నిలిచి కొంగుతో నోరు మూసికొనెను.

మరునాటి యుదయమున వాకిట పలకలు పరచి వానిపై పాతపటమును విప్పిరి. బుచ్చవ్వ పసుపునీటి చెంబునెత్తి, ఒక్కొక్క బొమ్మను పేరుపెట్టి పిలుచుచు నీరు పోయసాగెను. ఎండిన రంగులు తడిసి మెత్తబడి కరగి పలకలమీదుగ నేలకు జారెను. గడపలోపల నిలిచి చూచుచున్న కొమరేశము మొదట రాయివలె నుండెను. నీటిధార కులమాత పాదములను చేరి పైకి పోవుచుండగా ద్వారబంధమును రెండుచేతులతో పట్టుకొని యొక్కసారిగ అరచెను.

“అవ్వా, పొయ్యకు! మా నాయిన చేతిది ఇంకొకటి లేదు. అది పోతే నాకెవ్వలు సూపెడ్తరు? పొయ్యకు అవ్వా!”

పందొమ్మిది దినములు కుంచెపైనను మసిపైనను మోపిన దోషము ఎవ్వరిదో అప్పుడు అందరికిని తెలిసెను. ఆతనికిని తెలిసెను. నలువదియేడేండ్ల మనుష్యుడు గడపపై కూలబడి పసిబిడ్డవలె ఏడ్చెను.

బుచ్చవ్వ చెంబును దింపెను. “మీ తాత పటానికి సుత నేనే నీళ్లు పోసిన బిడ్డా. మీ నాయిన గిదే గడప పట్టుకొని గిట్లనే ఏడ్సిండు. నువ్వప్పుడు కనకవ్వోలె ఆ తలుపు సాటుకు నిలవడి సూస్తున్నవు. యాదిలేదా?” అని, కొడుకువైపు తిరిగి, “పటం ఇటు జరుపుండ్రి. ఆఖరుసారి కాళ్లు మొక్కనీయుండ్రి,” అనెను.

ఆతనికి జ్ఞప్తి లేదు. కన్నీరు తుడుచుకొని, గడపకు ఆనించిన తడిపటముపైకి వంగి కులమాత పాదములను తాకి, తలయెత్తి యామె మొగమును చూచి, అట్లే నిలిచిపోయెను. మొగముపై పసుపురంగు పొర సగము కరగిపోయినది. దాని యడుగున, తాను పుల్లతో కొలిచిన కన్నునకు గవ్వంత క్రిందుగ మరియొక కన్ను కలదు. అది వంకరగ పోయి గవ్వతో గీకివేయబడినది. దాని ప్రక్కన మరియొకటి. చెంపవైపునకు జారిన మరియొకటి. మూడు కన్నులు తప్పి, తప్పినచోట్ల రంగు పూసి, అనంతయ్య నాలుగవది వ్రాసియుండెను. కొడుకు పందొమ్మిది దినములు కొలిచినది ఆ నాలుగవదానిని.

“అవ్వా, మా నాయిన మూడుసార్లు తప్పిండు,” అని కొమరేశము గొణిగెను.

“తప్పకేంది? మనిషి గాదా?” అని బుచ్చవ్వ మరల చెంబునెత్తెను.

ఈసారి ఆతడు వలదనలేదు. లేచి లోనికి పోయెను. పెంకుముక్కల జోలికి పోలేదు, చీపురుపుల్లను విరచి మూలపడవేసెను. అయిదు కుంచెలలో చేతికి దొరికినదానిని మసిలో ముంచి, కులమాత చెక్కిలికడ ఊపిరి బిగబట్టి, కన్ను వ్రాసెను. అది తప్పెను. బాగుగనే తప్పెను. గ్రుడ్డు క్రిందికి జారి, తల్లి చూపు కొడుకు మొగముపై గాక నేలపై పడెను. ఆతడు గీకుటకు గవ్వ నెత్తి, ఆగి, ఆ చూపు పోవుచున్న చోటును తాను వెదకెను. అచట చెప్పులు లేని బాలుని చిన్నపాదములు అడవిత్రోవలో మొదటియడుగు వేయుచుండెను. బిడ్డ దూరదేశము పోవునపుడు ఏ తల్లి మొదట చూచునది పాదములను కాదు? ఆతడు వంకరపోయిన గీతపై పలుచగ పసుపు పూసి, ఆరినపిమ్మట, చూపును పాదములపైననే నిలిపి, రెండవమారు వ్రాసెను. కుదిరెను. తక్కిన ఇన్నూటపదునొకండు ముఖములును మూడవజాము ముగియునప్పటికి చూపు తెచ్చుకొనెను. పోశెట్టి కొబ్బరికాయ కొట్టెను. కనకవ్వ చల్లారిన అన్నమును తీసి వేడియన్నము వడ్డించెను.

ప్రొద్దు గ్రుంకుచుండగా కొమరేశము గడప దాటెను. పాతపటమును ఇతరులకు ఈయక తన భుజముపైననే మోసికొనిపోయి మొలలోతు నీటిలో దిగి విడిచెను. వర్షాకాలపు నీరింకను తగ్గని ఆ వాగు దానిని కొంతదూరము విప్పి చూపి పిమ్మట లోనికి తీసికొనెను. ఆతడు మరల ఏడ్చెను గాని, ఈ యేడుపున ఊపిరాడెను.

పనియందు సిద్ధి పొందినవారు మనకు చూపి పోవునది కడపటి గీతను మాత్రమే. దానిని కొలుచుచు కూర్చుండువానికి తలుపులన్నియు మూసికొనును. క్రొత్తపటమునందలి కులమాత మొగమున, పసుపుపొర యడుగున, తప్పిన కన్నొకటి కలదు. దానిని గీకి చెరిపివేయుటకు గవ్వ చేతనే యుండెను, సమయమును ఉండెను, ఐనను కొమరేశము చెరుపలేదు. నలువది యేండ్లకో యేబది యేండ్లకో ఎవ్వరో ఆ పటముపై పసుపునీరు పోయుదురు, ఎవ్వడో గడప పట్టుకొని యేడ్చును. ఆ కన్ను వానికొరకు మేలుకొనియుండును.