ఒంటికొమ్ము గొణుగుడు

పొద్దున్న ఎనిమిదింటికి గిటార్ల ఫ్యాక్టరీ గంట మోగేసరికి ఆవిడ తన బల్ల ముందు కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ కొసని అయస్కాంతం పక్కనున్న గాడిలోకి దోపి, చక్రం తిప్పడం మొదలుపెట్టేది. చక్రంతో పాటు తిట్టడమూ మొదలుపెట్టేది. ఇరవై ఆరేళ్లుగా ఆ రెండు పనులూ ఒకదాన్ని విడిచి ఒకటి జరగలేదు.

తిట్లంటే బూతులు కావు. ఆ రోజు ఎవరి మీద ఒళ్లు మండుతుంటే వాళ్లని, ఓపిగ్గా, మొదట్నుంచీ చివరిదాకా దులిపేసేది. చెయ్యెత్తినా బస్సు ఆపని డ్రైవరుని, కుళాయి బాగుచేస్తానని మూడు వారాలుగా తిప్పుకుంటున్న ప్లంబరుని, నిన్న చెప్పిన మాట ఇవాళ చెప్పలేదనే ఫోర్‌మన్‌ని. గిటారు మోతని పట్టే ఒక్కో కాయిల్‌కి ఎనిమిది వేల చుట్లు అని కాగితం మీద రాసుంటుంది. ఆవిడ లెక్క అది కాదు. తిట్టు పూర్తయితే కాయిల్ పూర్తయినట్టు. ఫోర్‌మన్ వంతు వచ్చిన రోజు ఎనిమిదివేల ఆరొందలు దాటిపోయేది. వాన పడి చల్లగా ఉన్న రోజు ఏడున్నర వేలకే సరిపెట్టుకునేది. తనిఖీ చేసే అతను మీటరు పెట్టి చూసి, తల గోక్కుని, "పర్వాలేదు" అని రాసి పంపేసేవాడు.

ఆ తిట్లన్నీ రాగి తీగలో ఉండిపోయేవి. ఆ కాయిళ్లు వేసిన ఎలక్ట్రిక్ గిటారుని అందరూ ఒంటికొమ్ము అనేవారు. పండిన గుమ్మడికాయ రంగు, ఒక్క పక్కే కొమ్ములా పొడుచుకొచ్చిన చెక్క. దాన్ని మూలకి ఆనించి వదిలేస్తే ఆడగొంతుతో తనలో తను గొణుక్కునేది. కొన్నవాళ్లకి అది అలవాటే. చంటిపిల్లలున్న ఇళ్లలో దుప్పటి కప్పేవారు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు "ఒంటికొమ్ము గానీ ఉందా?" అని ముందే అడిగి తెలుసుకునేవారు. కరెంటు ఇచ్చి మీటితే మాత్రం మాటలు పోయి వాటి కారం ఒక్కటే మిగిలేది. ఆ కారం కోసం గిటారిస్టులు ప్రాణం పెట్టేవారు. కంపెనీవాళ్లు తమ ప్రకటనల్లో దాన్ని 'వెచ్చని ధ్వని' అని రాసుకున్నారు.

ఒక సోమవారం నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. నేటి అభిరుచులకు అనుగుణంగా, ఈ శుక్రవారంతో ఒంటికొమ్ము ఆఖరు.

మర్నాడు మేనేజరు ఆవిడని తన గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. కొత్త మోడల్‌కి కాయిళ్లు మిషను చుడుతుందట. ఆవిడ మిషను పక్కన నిలబడి చూసుకుంటే చాలట. కాకపోతే ముందు ఒక పది రోజులు అద్దాల గదిలో కూర్చుని, మైకు ముందు తిట్లన్నీ చెప్పేయాలట. వాటిని మిషనుకి వినిపిస్తూ తీగ చుట్టిస్తారట.

"ఎవర్ని తిట్టమంటారు?" అందావిడ.

"ఎవర్నైనా ఫర్వాలేదమ్మా. ఊరికే, మామూలుగా."

"ఊరికే తిట్టడం నాకు చేతకాదండీ."

"అలవాటైపోతుంది లెండి. ఇదిగో కాగితం. ఇవాళ్టి నుంచి మీ తిట్లు కంపెనీవి అని ఒక్క సంతకం. శుక్రవారం మధ్యాహ్నం లోపల పెడితే మీ ఉద్యోగం మీకుంటుంది. లేకపోతే పాపం, నేను మాత్రం ఏం చేయగలను?"

ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ రోజు మిగిలిన పూటంతా తొమ్మిది వేల చుట్లకి తక్కువగా ఒక్క కాయిల్ కూడా చుట్టలేదు.

ఇంట్లో ఆవిడతో పాటు తమ్ముడు, మరదలు ఉంటారు. తమ్ముడు హోటళ్లలో, పెళ్లి పార్టీల్లో గిటారు వాయిస్తాడు. ఆ సాయంత్రం చెప్పులు చెరో మూలకీ విసిరేసి లోపలికొచ్చాడు.

"అక్కా, విన్నావా? ఒంటికొమ్ము ఆపేస్తున్నారట! మా నోట్లో మట్టి కొట్టారు దరిద్రులు!"

"మీ నోట్లోనా?" అందావిడ కూరగాయలు తరుగుతూ.

"మరింకెవరి నోట్లో? పద్నాలుగేళ్లుగా నన్ను నిలబెట్టిన సౌండే అది! రేపు ఇది పాడైతే నేనేం పట్టుకు వాయించాలి? చీపురుకట్టా? ఊళ్లో గిటారిస్టులందరూ కుతకుతా ఉడికిపోతున్నారు. ఎల్లుండి సాయంత్రం షాపులో మీటింగు పెట్టాం."

ఆవిడ కాగితం సంగతి చెప్పింది. తమ్ముడు అటూ ఇటూ తిరగడం ఆపి ఒక్క క్షణం ఆలోచించాడు.

"పెట్టేయ్ సంతకం. నీకు పోయేదేముందక్కా? తిట్లే కదా!"

ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది. స్టవ్ దగ్గర నుంచి మరదలు గిర్రున తిరిగింది.

"ఏమన్నారూ? తిట్లే కదానా? ఆ తిట్లు లేకపోతే మీ గిటారుకీ బల్లచెక్కకీ తేడా ఏముందీ?" అని మొగుణ్ని కడిగేసి, ఆడపడుచు వైపు చూసింది. "వదినా, ఆ మీటింగుకి మీరూ వెళ్లండి. వీళ్లు దేనికి ఏడుస్తున్నారో మీ చెవులతో మీరే వినండి."

గురువారం పని అయ్యాక తమ్ముడి వెనకే ఆవిడ గిటార్ల షాపుకి వెళ్లింది. వెనక గదిలో మడత కుర్చీలు వేశారు. టంకం వాసన, చిక్కుపడ్డ వైర్లు, నలభై మంది మనుషులు, గోడ పొడుగునా వాళ్లు ఆనించిన నలభై ఒంటికొమ్ములు. నలభై గిటార్లూ ఆవిడ గొంతుతో ఒకదాన్ని మించి ఒకటి గొణుగుతున్నాయి. ఒకటి బస్సు డ్రైవరుని, ఒకటి ప్లంబరుని, ఒకటి ఎప్పుడో పోయిన పాత ఫోర్‌మన్‌ని. మనుషులు అంతకంటే గట్టిగా అరుస్తున్నారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఒక బట్టతలాయన కంపెనీకి రాసిన ఉత్తరం చదువుతున్నాడు. ఒంటికొమ్ముని ఎందుకు ఆపకూడదో పన్నెండు కారణాలు. చెక్క అలాంటిది. వార్నిషు వారం రోజులు ఆరబెడతారు. మెడ వంపు అలాంటిది. రంగు అలాంటిది.

"చెక్కండీ! ఆ చెక్కే పాడుతుంది!" అని ఒకడు బల్ల గుద్దాడు.

"చెక్క కాదు, నీ మొహం! వార్నిషు!" అని ఇంకొకడు లేచాడు.

ఇద్దరూ కాలర్లు పట్టుకునేదాకా వచ్చారు. షాపాయన మధ్యలో దూరి విడదీశాడు. ఫ్యాక్టరీ గేటు ముందు తన గిటారుని తగలబెట్టుకుంటానని ఇంకొకడు ఒట్టు పెట్టాడు. ఆవిడ చివరి కుర్చీలో కూర్చుని పన్నెండు కారణాలూ విన్నది.

"కాయిళ్లు ఎవరు చుడతారో మీ కాగితంలో ఉందా?" అని అడిగింది.

"కాయిల్‌దేముందమ్మా, ఏదో మిషను చుట్టేస్తుంది" అని బట్టతలాయన సంతకాల కాగితం పక్కవాడికి అందించాడు.

"మిషనా?"

ఆ ఒక్క మాటకి గోడ వారనున్న గిటార్లు టక్కున నోరు మూసుకున్నాయి. మనుషులు కూడా మూసుకున్నారు. ఆ గొంతు ప్రతివాడికీ ఇంట్లో మనిషి గొంతంత తెలుసు.

"మీ ఇళ్లలో మూలన కూర్చుని ఇన్నేళ్లుగా గొణుగుతున్నది ఎవరనుకున్నారు? చెట్టా? వార్నిషు డబ్బానా? మీ ఆడవాళ్లు దుప్పట్లు కప్పింది నా నోటికి! పన్నెండు కారణాలు రాసుకొచ్చారే, పెద్దపెద్ద చదువులు చదివి, 'ఈ మనిషెవరు, ఎందుకింత మండిపడుతోంది' అని మీలో ఒక్కడికి, ఒక్కడంటే ఒక్కడికి అనిపించలేదా? ఇదిగో, వీడు నా సొంత తమ్ముడు. నేను వండింది తిని, నేను చుట్టింది వాయించి, అది మా అక్క చేతి పని అని మీలో ఎవరికైనా చెప్పాడా?"

తమ్ముడు నేల చూపులు చూశాడు. బట్టతలాయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది.

అప్పుడు వినపడింది. గోడ చివర ఒక గిటారు ఇంకా గొణుగుతోంది. రంగు వెలిసిపోయి, అంచులు అరిగిపోయిన పాత ఒంటికొమ్ము. గొంతు ఆవిడదే, కానీ పడుచు గొంతు.

"...రెండేళ్లు. అంతే. రెండేళ్లు తిరిగేసరికి ఇక్కడ్నుంచి బయటపడాలి. సొంతంగా బల్ల వేసుకోవాలి. వేసుకోకపోతే నీ అంత పిరికిది, నీ అంత దద్దమ్మ ఎక్కడా ఉండదు. వినపడుతోందా? వాళ్లనీ వీళ్లనీ కాదు, నిన్నేనే అంటున్నది..."

ఆవిడ కుర్చీ వీపు పట్టుకుంది. ఎప్పుడు అన్నదో గుర్తు లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలల్లో అయ్యుండాలి. అప్పట్లో తిట్టడానికి ఇంకా ఎవరూ పరిచయం కాలేదు, తనని తనే తిట్టుకునేది.

ఆ గిటారు తాలూకు ముసలాయన లేచి నిలబడ్డాడు.

"అప్పుడు నేను పన్నుల ఆఫీసులో గుమాస్తానమ్మా. సరదాకి కొన్నాను దీన్ని. రోజూ ఇంటికి రాగానే నన్ను ఇలాగే కడిగేసేది. నన్నే అంటోందనుకున్నాను. సిగ్గేసేది. రెండో ఏడు తిరక్కుండా రాజీనామా మొహాన కొట్టి వచ్చేశాను. ఆ తర్వాత నా బతుకంతా వాయించుకోవడంతోనే గడిచింది, హాయిగా." ఆయన దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. "మరి మీరెప్పుడు బయటపడ్డారమ్మా?"

"నేను బయటపడలేదండీ" అందావిడ.

బయటికి నడిచింది. దారంతా చెంపలు మండుతూనే ఉన్నాయి. కంపెనీ మీద వచ్చిన కోపం, ఆ నలభై మంది మీద వచ్చిన కోపం, తమ్ముడి మీద వచ్చిన కోపం అన్నీ కలిపినా, తన మీద తనకి వచ్చిన కోపంలో సగం లేవు. ఎవడో ముక్కూమొహం తెలియని గుమాస్తా తన మాట విని బాగుపడ్డాడు. తను మాత్రం ఆ మాటని తీగలో చుట్టేసి, పెట్టెలో పెట్టి పంపించేసి, మర్నాడు మళ్లీ ఎనిమిదింటికి వచ్చి కూర్చుంది.

శుక్రవారం కూడా ఎనిమిదింటికే వచ్చింది. పదకొండింటికి మేనేజరు కలం పట్టుకుని ఆవిడ బల్ల దగ్గరికే వచ్చాడు.

"సంతకం పెట్టనండీ" అందావిడ.

"ఈ వయసులో బయట మీకెవరిస్తారమ్మా పని?" అన్నాడు మేనేజరు, అదే ఆప్యాయతతో.

ఆవిడ చక్రం ఆపింది. సగం చుట్టిన కాయిల్‌ని అలాగే వదిలేసి లేచింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి, మధ్యలో తీగ లేకుండా, మనిషి మొహం మీదే తిట్టింది. తొందరపడలేదు, మొదట్నుంచీ చివరిదాకా తిట్టింది. పక్క బల్లలవాళ్లు పని ఆపి విన్నారు. ఫోర్‌మన్ తన వంతు వస్తుందేమోనని స్టోరు రూములోకి తప్పుకున్నాడు. అంతా అయ్యాక ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, సంచిలో వేసుకుని, మధ్యాహ్నం గంట కొట్టకముందే గేటు దాటింది.

వారం తిరక్కుండా గిటార్ల షాపాయన తన షాపు కిటికీ పక్కన ఆవిడకి ఒక బల్ల వేయించాడు. తమ్ముడు అడగకుండానే చక్రం బిగించి, దానికి నూనె వేసి, బోర్డు మీద "మా అక్క చుట్టిన కాయిళ్లు" అని రాసి పెట్టాడు. బోర్డు చూసి ఆవిడ ఆ పూటకి వాణ్ని తిట్టకుండా వదిలేసింది. మొదట వచ్చినవాడు బట్టతలాయన. తన పాడైన కాయిల్ బాగవుతున్నంతసేపూ ఆయన ఎదురుగా నిలబడి, ఆ ఎనిమిదివేల చిల్లర చుట్లూ తన గురించేనని తెలిసీ, నోరెత్తకుండా విన్నాడు.

ఆయన వెనకే ముసలాయన వచ్చాడు, పాత ఒంటికొమ్ముని చంకలో పెట్టుకుని. మొహం వాడిపోయి ఉంది.

"శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఇది నోరు విప్పడం లేదమ్మా. పాడైందేమో చూడండి."

ఆవిడ గిటారుకి కరెంటు ఇచ్చి మీటింది. కారం ఎప్పట్లాగే చుర్రుమంది. కరెంటు తీసేసి, చెక్కకి చెవి ఆనించి చాలాసేపు విన్నది. లోపల ఏమీ లేదు.

"పాడవలేదండీ. ఇది చెప్పాల్సింది అయిపోయింది, అంతే."

ముసలాయన గిటారుని మళ్లీ చంకలోకి తీసుకున్నాడు.

"మరి ఇంట్లో నన్నెవరు తిడతారమ్మా ఇంక?"

"ముందు కూర్చోండి" అందావిడ, కొత్త రాగి తీగ కొస వెతుక్కుంటూ. "మీరేం చేస్తుంటారో, ఏం చేయకుండా ఎగ్గొడుతున్నారో అన్నీ చెప్పండి."