జల్లెడలో ఆగిన గాలి

మా వాతావరణ కేంద్రంలో నన్ను జల్లెడ మాస్టారంటారు. నాకు తెలియదనుకుని చాటుగా అంటారు. నాకు తెలుసు, పైగా లోలోపల మురిసిపోతుంటాను. ఉపగ్రహాలు, ఓడలు, విమానాలు పంపే లక్షల కొలతల్లోంచి తప్పుడువాటిని ఏరి పారేసే ప్రోగ్రాము నాది. దాన్ని రాసి ఆరేళ్లయింది, ఆరేళ్లుగా దాని గురించి డబ్బా కొట్టుకోని రోజు లేదు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి పాఠం నేనే చెబుతాను, వద్దన్నా చెబుతాను.

అది పనిచేసే తీరు సులువే. గాలి ఎక్కడ ఎంతుంటుందో కంప్యూటరు ముందే ఒక అంచనా వేసుకుంటుంది. వచ్చిన కొలత ఆ అంచనాకు దగ్గరగా ఉంటే లెక్కలోకి తీసుకుంటుంది. మరీ దూరంగా ఉంటే పరికరం చెడిపోయిందనుకుని అవతల పారేస్తుంది. ఒకసారి సముద్రంలో తేలే పరికరం ఒకటి నడివేసవిలో మంచు కురిసేంత చలి చూపించి మమ్మల్ని నవ్వులపాలు చేసింది. ఆ కసితో జల్లెడ కన్నాలు బాగా సన్నం చేశాను. అలా చేస్తే నాకు ముందే తెలిసినదాన్ని మళ్లీ నాకు చెప్పే కొలతలే మిగులుతాయని తట్టలేదు. తట్టినా ఒప్పుకునే రకాన్ని కాను.

మా చెల్లెలిది ఎగిరే ఉద్యోగం. తుఫాను లోపలికి వెళ్లే విమానంలో కూర్చుని, చిన్న పారాచూట్ కట్టిన గొట్టాలను కిందికి వదులుతుంది. సముద్రంలో పడేదాకా అవి గాలి వేగం, పీడనం చెబుతూనే ఉంటాయి. చిన్నప్పుడు ఊయలెక్కితే వాంతి చేసుకున్న పిల్ల. "నువ్వు చూసేది మబ్బుల నడినెత్తి అన్నయ్యా, కిందేముందో నేను చూసొస్తా" అని నన్ను ఏడిపిస్తుంది. "నీ గొట్టాలు లేకపోయినా నా పనేం ఆగదులే" అనేవాణ్ణి.

ఆ రోజు తుఫాను తీరానికి దగ్గరపడింది. ఉపగ్రహ చిత్రంలో దాని కేంద్రం కనబడటం లేదు, పైన తెల్లటి మబ్బు దట్టంగా కప్పేసింది. ఆ మబ్బును బట్టి మర్నాడు పొద్దున ఉత్తరపు రేవు దగ్గర తీరం దాటుతుందని తేల్చాం. దక్షిణపు రేవుకు వాన తప్ప భయం లేదన్నాం. సాయంత్రం నాలుగింటికి ప్రకటన వెళ్లాలి. అది చూసే అధికారులు ఏ రేవు జనాన్ని బస్సులెక్కించాలో నిర్ణయిస్తారు. ఉన్న బస్సులు రెండు రేవులకూ చాలవు.

మూడింటికి చెల్లెలు ఫోన్ చేసింది. అప్పుడే విమానం దిగిందట.

"అన్నయ్యా, మీ మ్యాపు చూశాను. నా కొలతలేవి?"

"అందులోనే ఉంటాయి, సరిగ్గా చూడు."

"ఉంటే కేంద్రం అక్కడెందుకు పెడతారు? మేం దాని మధ్యలోంచి రెండుసార్లు వెళ్లొచ్చాం. మీరు పెట్టినచోటికి తొంభై కిలోమీటర్లు దక్షిణాన ఉంది."

"మబ్బు ఉత్తరానే కనిపిస్తోంది కదే."

"పైగాలి మబ్బును పక్కకి తోసేసింది. కింద సుడి అక్కడే ఉంది."

"నీ పరికరాల్లో ఏదన్నా తేడా..."

"పదకొండు గొట్టాలు వదిలాను. పదకొండూ కూడబలుక్కుని అబద్ధం చెప్తాయా?"

నాకన్నా ఏడేళ్లు చిన్నది నాకే పాఠాలు చెబుతుంటే ఒళ్లు మండింది. అయినా సొంత చెల్లెలు కదా అని, దాని నోరు మూయించడానికే, పారేసిన కొలతల జాబితా తెరిచాను. ఆ జాబితా రోజూ దానంతటదే తయారవుతుంది. ఆరేళ్లలో నేను దాన్ని తెరవడం అదే మొదటిసారి.

పదకొండూ అక్కడ వరుసగా ఉన్నాయి. ఒక్కోదాని పక్కన, ఒకప్పుడు ముచ్చటపడి నేనే కూర్చిన మాట: 'నమ్మదగినది కాదు.'

లెక్క మళ్లీ నడవడానికి నలభై నిమిషాలు పడుతుంది. జల్లెడ సడలించాలంటే డైరెక్టరు గారి సంతకం కావాలి. నా ప్రోగ్రాము మీద ఎవరూ చెయ్యి వేయకూడదని ఆ నిబంధన పట్టుబట్టి పెట్టించిందీ నేనే. ఆవిడ గదిలోకి పరుగెత్తి, అలవాటు కొద్దీ ఉపోద్ఘాతం మొదలుపెట్టాను.

"విషయం చెప్పండి" అన్నారావిడ.

"నా జల్లెడ తప్పు చేసిందండీ."

ఆవిడ కళ్లజోడు తీసి నన్ను చూసి, మళ్లీ పెట్టుకుని సంతకం చేశారు. పైగాలి ఎటు తోస్తోందో ఉపగ్రహం చెప్పింది, కింద సుడి ఎక్కడుందో విమానం చెప్పింది. రెండూ కలిసిన లెక్కలో తుఫాను తిన్నగా దక్షిణపు రేవు మీదికి వెళ్లింది. ప్రకటన నాలుగు నిమిషాలు ఆలస్యంగా బయటికెళ్లింది, బస్సులు దారి మళ్లాయి.

మర్నాడు పొద్దున దక్షిణపు రేవులో ఇళ్ల కప్పులు లేచిపోయాయి, కిటికీల దాకా నీళ్లొచ్చాయి. ఇళ్లలో ఎవరూ లేరు. ఆఫీసులో నాకు చప్పట్లు కొట్టారు. పొగిడినప్పుడల్లా సిగ్గు నటించడం నాకు బాగా అలవాటు. ఆ రోజు మాత్రం నటించాల్సిన పనిలేకపోయింది.

సాయంత్రం చెల్లెలు ఇంటికొచ్చింది. విమానం కుదుపులకు బెల్టు ఒరుసుకుని దాని భుజం కమిలిపోయింది. టీ తాగుతూ అడిగింది.

"నిజం చెప్పు. ఆ ఫోన్ నేను కాక ఇంకెవరైనా చేసుంటే?"

వెంటనే చూసేవాణ్ణే అన్న మాట నోటిదాకా వచ్చింది. దాని భుజం చూశాక అబద్ధమాడటానికి ముఖం చెల్లలేదు.

"కిందటేడు తుఫానప్పుడు మీ విమానం నుంచే ఒకాయన చేశాడు. ఇదే మాట చెప్పాడు. ముందు పరికరాలు సరిచూసుకోమని ఫోన్ పెట్టేశాను."

కిందటేటి తుఫాను మేం చెప్పనిచోట తీరం దాటింది. తొమ్మిది మంది పోయారు. అది ఇద్దరికీ తెలుసు.

చెల్లెలు తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది.

"ఆయనది నా పక్క సీటే" అంది మెల్లగా. "పొరపాటు తన గొట్టాల్లోనే ఉందనుకుంటున్నాడు. ఎగిరే ముందు ఒక్కోదాన్నీ ఇప్పటికీ మూడుసార్లు పరీక్షిస్తాడు."

నంబరు అడిగి తీసుకున్నాను. ఆయన ఎత్తగానే నేనెవరో చెప్పాను.

"సార్" అన్నాడాయన, తప్పు చేసినవాడి గొంతుతో. "ఈసారి కూడా మా కొలతలు తేడాగా వచ్చాయా?"