రెండు పూటల నీళ్ళు

ఆకును రెండు వేళ్ళ మధ్య పట్టి మెల్లగా నొక్కాలి.

చల్లగా ఉంటుంది. దళసరిగా ఉంటుంది. చంటిపిల్లల చెవి తమ్మెలా ఉంటుంది.

గట్టిగా ఉంటే నీళ్ళు వద్దు. మెత్తబడితే పోయాలి.

ఇంతే చెప్పింది నా భార్య. ఇంకేమీ చెప్పకుండా పోయింది.

ఆసుపత్రికి తన కాళ్ళ మీద తనే నడిచి వెళ్ళింది. మెట్ల దగ్గర ఆగి, కిటికీ తెర పక్కకు లాగి ఉంచమంది, మొక్కలకు ఎండ తగలాలని. మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు.

తెర ఇప్పటికీ పక్కకే ఉంది.

కిటికీ గట్టు మీద తన మొక్కలు. ఆకుల్లోనే నీళ్ళు దాచుకునే రకం, సక్యులెంట్లని అందరూ అంటారు. తను మాత్రం పేర్లు పెట్టింది. పువ్వులా విచ్చుకుని కూర్చున్న లావుపాటిది బొద్దమ్మ. ఒళ్ళంతా తెల్లటి నూగున్నది ముసలాయన. కుండీ అంచు దాటి కిందికి వేలాడేది జడ.

"వీటికి గారాబం పనికిరాదు. ఎంత మరిచిపోతే అంత బాగుంటాయి," అనేది. నా వైపు చూసి నవ్వేది. "నీకైతే ఈ పని చాలా తేలిక."

నిజమే. కూరగాయలకని వెళ్ళి పేపరు కొనుక్కొచ్చే రకం నేను.

ఇప్పుడు ఇంట్లో ఇద్దరం. నేను, అత్తగారు. ఆవిడ కూతురికి సాయంగా వచ్చారు. ఉండిపోయారు. వెళ్తానని ఆవిడ అనలేదు. ఉండమని నేను అనలేదు.

అల్లుడి ముందు అత్తగారు ఏడవరు. అత్తగారి ముందు అల్లుడు ఏడవడు. మర్యాద... అయినా నాకు ఏడుపు రానేలేదు. లోపల ఎక్కడో తిమ్మిరి పట్టినట్టు ఉంది, అంతే.

"భోంచేస్తారా బాబూ?"

"మీరు తిన్నారా అత్తయ్యగారూ?"

ఆ పూటకు మాటలు అయిపోతాయి.

కళ్ళజోళ్ళ దుకాణంలో నా పని. అద్దం అంచు అరగదీస్తాను. ఫ్రేములో కూర్చోబెడతాను. తుడుస్తాను. వచ్చినవాళ్ళ ముక్కు మీద పెట్టి, కనిపిస్తోందా అని అడుగుతాను. కనిపిస్తోందంటారు. సంతోషంగా వెళ్తారు.

నేను ఇంకో అద్దం అందుకుంటాను.

పొద్దున్నే, అత్తగారు స్నానానికి వెళ్ళినప్పుడు, కిటికీ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఆకు నొక్కేవాణ్ణి. మెత్తగా ఉండేది. దాహం వేసిందనుకుని గ్లాసుతో పోసేవాణ్ణి.

మర్నాడు ఇంకా మెత్తగా ఉండేది. ఇంకొంచెం పోసేవాణ్ణి.

రోజు మొత్తంలో నాకు ఏదైనా అనిపించేది అప్పుడే — ఆ గ్లాసు వంచేటప్పుడు.

ముందు జడ రాలింది, పూసలు పూసలుగా. తరవాత ముసలాయన ఒక పక్కకు ఒరిగాడు. బొద్దమ్మ ఆకులు గాజులా అయ్యాయి, వెలుతురు అవతలినుంచి ఇవతలికి కనిపించేంతగా. ఎండ చాలడం లేదేమో అనుకున్నాను. నీళ్ళు చాలడం లేదేమో అనుకున్నాను.

నీళ్ళే పెంచాను.

ఒక రోజు జలుబు చేసి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. కిటికీ దగ్గర అత్తగారు. రెండు వేళ్ళ మధ్య బొద్దమ్మ ఆకు. రెండో చేతిలో గ్లాసు... నన్ను చూసి గబుక్కున వెనక్కి దాచుకున్నారు.

"మెత్తబడింది బాబూ. మెత్తబడితే పోయాలని అది చెప్పేది."

"నేను పొద్దున పోశానండీ."

"రోజూనా?"

"రోజూ. మీరు?"

"మీరు పనికెళ్ళాక..." గొంతు తగ్గించారు. "రోజూనే."

ఇద్దరం కుండీల వైపు చూశాం. అడుగు పళ్ళేలలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ళు నేను రోజూ చూసినవే. నేను పోసినవే అనుకున్నాను.

బొద్దమ్మను పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది. కింద వేరు లేదు. నల్లటి బురద. కుళ్ళు వాసన.

దాహంతో మెత్తబడ్డ ఆకు ముడత పడుతుంది కాబోలు. నీళ్ళెక్కువై మెత్తబడ్డది ఇలా ఉబ్బి చితికిపోతుంది కాబోలు. నొక్కడమే తప్ప చూడలేదు మేము. ఊరందరికీ చూపు సరిచేసే నేను కూడా.

అత్తగారు నేల మీద కూలబడ్డారు. "దాని చేతివి ఇవే మిగిలాయి. ఇద్దరం కలిసి చంపేశాం బాబూ."

ఓదార్చాలి. చేతిలో ఉన్న బొద్దమ్మను పళ్ళెంలో పెట్టాను.

గట్టు తుడుద్దామని తెర జరిపాను. తను వెళ్ళిన రోజునుంచి ఎవరూ కదపని తెర.

వెనక, మూలన, ఒక ఆకు.

బొద్దమ్మదే. ఎప్పుడు రాలిందో. దానికి మట్టి తగల్లేదు. మా నీళ్ళు తగల్లేదు. అది ఉందనే మాకు తెలియదు. దాని మొదట్లో దారప్పోగుల్లాంటి గులాబీరంగు వేర్లు. వాటి పక్కన మిరియపు గింజంత పిల్ల.

అత్తగారు లేచి వచ్చారు. వంగి చూశారు.

"తల్లి ఆకులో నీళ్ళన్నీ పిల్ల తాగేస్తుందట. తల్లి ఎండిపోతుందట. ఫోన్‌లో ఒకసారి చెప్పింది." వేలితో పిల్లను చూపించి అన్నారు, "అదీ వరస. మన ఇంట్లోనే తారుమారైంది."

వేరే కుండీలో పొడి మట్టి పోసి, దాని మీద ఆకును పడుకోబెట్టాను.

"నీళ్ళు?"

"వద్దండీ."

"కొంచెం కూడానా?"

"కొంచెం కూడా. దీన్ని మరిచిపోవాలి."

అత్తగారు గ్లాసు బోర్లించారు.

"ఎలా మరిచిపోవాలో కూడా చెప్పి వెళ్ళాల్సింది అది."

నా ముక్కు మండింది. జలుబే కావచ్చు.

ఇప్పుడు పొద్దున్నే కిటికీ దగ్గరికి వెళ్తే, అత్తగారు అక్కడే ఉంటారు. ఇద్దరం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాం. ఒకరికొకరం కాపలా.

ఈ వేళ తల్లి ఆకు అంచున సన్నటి ముడత ఒకటి కనిపించింది. దాహమో... పిల్లకు ఇచ్చేస్తోందో...

"ఒక్కసారి నొక్కి చూడండి బాబూ," అన్నారు, గ్లాసు వైపు చూడకుండా.

ఆకును రెండు వేళ్ళ మధ్య పట్టి మెల్లగా నొక్కాను.

చల్లగా ఉంది.

గట్టిగానే — ఉన్నట్టుంది...