నూనె మోసిన బరువు

తుంటి ఆపరేషనైన అమ్మని మా ఇంటికి రావడానికి ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. "అల్లుడి ఇంట్లో మంచమెక్కి కూర్చోనా?" అని వారమంతా సతాయించి, నిన్న ఎలాగో ఊఁ అంది. మళ్ళీ మనసు మార్చుకునేలోపు తెచ్చేసుకోవాలి.

మా ఆయన మెకానిక్కు. మా పాత కారుకి వెనకవైపు మామూలు షాకబ్జార్బర్లు ఉండవు. నూనె ఒత్తిడితో పనిచేసే ఏర్పాటు. ఎంతమంది ఎక్కినా వెనకభాగం తనంతట తానే లేచి సమంగా నిలబడేది. ఇప్పుడు నూనె కారిపోతోంది, విడిభాగాలు దొరకడం లేదు. అందుకని పొద్దున్నుంచీ ఆ గొట్టాలన్నీ పీకి మామూలు షాకులు బిగిస్తున్నాడు. నేను షెడ్డులో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ "అయిందా, అయిందా" అని ప్రాణం తోడేశాను. చివరికి ఒక్కడే వీధి చివరిదాకా నడిపి చూసి, "దివ్యంగా ఉంది" అన్నాడు.

ఆసుపత్రి గేటు దగ్గర అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టి, పక్కన నేనెక్కాను. కారు వెనకభాగం చతికిలబడింది. కదలగానే టైరు పైరేకుకి రాసుకుని కీచుమంది.

"చూశావటే? కారే మొయ్యలేనిదాన్ని మీరేం మోస్తారు? నన్ను మా ఇంట్లో దింపెయ్యండి," అంది అమ్మ.

నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియలేదు. మా ఆయన డిక్కీలోంచి పనిముట్ల పెట్టె, జాకీ, స్టెప్నీ అన్నీ దించాడు. కాస్త లేచింది, చాలలేదు.

అప్పుడాయన అమ్మ పక్క తలుపు తీసి గొంతుక్కూర్చున్నాడు. "తప్పు నాది అత్తయ్యా. ఈ కారు వెనక స్ప్రింగులు మెత్తవి. బరువులో కొంత ఆ నూనే మోసేది. మామూలు షాకులు కుదుపు ఆపుతాయంతే, బరువు మొయ్యవు. నూనె తీసేశాను గానీ గట్టి స్ప్రింగులు వెయ్యలేదు. ఇన్నేళ్ళలో ఇది కుంగడం ఎప్పుడూ చూడలేదు కదా, ఖాళీ బండి నడిపి సరే అనుకున్నాను. మీ అమ్మాయి ఒక్కతే కూర్చున్నా కుంగుతుంది."

"దానికి కుంగాలిలే. తిండిపుష్టి," అంది అమ్మ.

నవ్వే ఓపిక నాకు లేదు. వస్తుందా రాదా అన్నదే నా గోల.

అమ్మ ముందు సీటు వంక చూసింది. "ముందు స్ప్రింగులు బాగానే ఉన్నాయా బాబూ?"

"ముందువైపు మొదట్నుంచీ మామూలువే అత్తయ్యా."

"అయితే నన్ను ముందుకి మార్చు. అది ఆటోలో వస్తుంది."

సీటు బాగా వెనక్కి జరిపి, కాలు చాపుకునేలా కూర్చోబెట్టాం. కారు నెమ్మదిగా వెళ్ళింది. దించిన సామాను మధ్య నేనొక్కదాన్నే నిలబడ్డాను. మలుపులో కుడికి తిరిగితే అమ్మ ఇల్లు, ఎడమకి మాది. అక్కడ కారు ఆగింది. అమ్మ చెయ్యి కిటికీలోంచి బయటికొచ్చి, అల్లుడికి దారి తెలియదన్నట్టు ఎడమకి చూపించింది.

నాకు ఏడుపాగలేదు.