అన్నం డబ్బాకి వేలిముద్ర

బండి మూడోసారి ఎర్రబురదలో దిగబడింది. సూరిబాబు దిగి వెనకనుంచి తోశాడు. అరవై ఎనిమిదేళ్ల మోకాళ్లు కలుక్కుమన్నాయి. కంపెనీ ఆఫీసరు మోహన్‌రాజ్ ముందు సీట్లో ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. వెనకాల అరవై కోడికూర అన్నం డబ్బాలు ఉక్కకి పులిసి వాసన కొడుతున్నాయి. వాటిమీద మడతపెట్టిన బ్యానరు: ఆదివాసులతో సంప్రదింపుల సభ.

కంపెనీకి కావలసింది ఆ కొండ. దురియాన్ తోట వేస్తారట, పండ్లు చైనాకి పంపుతారట. కొండమీద, మలాయ్ అడవుల్లోని సెమాయ్ ఆదివాసుల తాతలనాటి పండ్లచెట్లున్నాయి, ఆ తాతల సమాధులూ ఉన్నాయి. ఊరు ఒప్పుకున్నట్టు కాగితం ఉంటేగాని తోటకి అనుమతి రాదు. సూరిబాబు ముప్పై ఏళ్లు ఆ ఊరికి ఉప్పుచేప మోసుకెళ్లి పెతాయ్ అనే అడవి కాయలు కొనుక్కొచ్చినవాడు. వాళ్ల మాట వచ్చు. అందుకే రోజుకి నూటయాభై రింగిట్లకి దుబాసీగా కుదుర్చుకున్నారు.

ఊరిపెద్దని వాళ్లు బాతిన్ అంటారు. బాతిన్ అలంగ్ అంతా ఓపిగ్గా విన్నాడు. రోడ్డు వేస్తాం, పనులిస్తాం, అందరూ ఒప్పుకుంటేనే కొండ తీసుకుంటాం అని మోహన్‌రాజ్ మలాయ్ భాషలో గడగడా చదివాడు. సూరిబాబు ఒక్కో ముక్కా వాళ్ల మాటలో చెప్పాడు. బాతిన్ నెమ్మదిగా జవాబిచ్చాడు. తన నోరు ముప్పై ఇళ్ల నోరు కాదన్నాడు. అడవికెళ్లినవాళ్లు తిరిగి రావాలి, అందరూ కూర్చోవాలి, ఒక్కరి మనసులో ముల్లున్నా సభ లేవకూడదు. తేలాక తనే కొండదిగి వచ్చి చెబుతానన్నాడు.

మోహన్‌రాజ్ మొహం చిట్లించాడు. "హెడ్ ఆయనే కదా తాతా? ఆయన ఎస్ అంటే చాలు."

"ఈళ్లలో పెద్దంటే మాట మోసీవోడు తంబీ. హుకుమేసీవోడు కాదు."

"సరే, అన్నం పంచేద్దాం. డబ్బాకొక వేలిముద్ర. లెక్కకి."

ఆ మాటే సూరిబాబు వాళ్లకి చెప్పాడు. మోహన్‌రాజ్ క్లిప్పు అట్టకి కాగితం పెట్టి ముందుంచాడు; సిరాడబ్బా సూరిబాబే పట్టుకున్నాడు. వా ఇతం అనే ముసలామె వేలు తన చేత్తో పట్టుకుని నొక్కించాడు. సూరి చెప్పాడంటే ఆ ఊళ్లో ఎవరూ రెండో మాట అడగరు.

అంతా అయ్యాక గాలికి అట్టమీది కాగితం రెపరెపలాడింది. క్లిప్పు కింద దాని తల వెనక్కి మడిచి ఉంది. సూరిబాబు మడత విప్పాడు. లారీ చీటీలమీద అక్షరాలు నేర్చినవాడు, కూడబలుక్కుని చదివాడు. ఈ భూమి ఇవ్వడానికి మేము సమ్మతిస్తున్నాము.

పదకొండేళ్ల కిందట తాము ఉండే ఎస్టేటులో దీపావళికి పంచదార, నూనె ఇస్తామని ఇలాగే వరసలో నిలబెట్టారు. మూడు నెలలకి కూలీల లైన్ ఇళ్లమీదికి బుల్‌డోజర్ వచ్చింది. ఆనాడు సిరాడబ్బా పట్టుకున్నది తెలుగువాడే. మనవాడే కదా అని సూరిబాబు అక్కతో సహా అందరూ వేలు చాపారు.

మోహన్‌రాజ్ పెన్ను అందించాడు. "ఇక్కడ మీ సైన్. అంతా వాళ్ల భాషలో చెప్పినట్టు."

"నాను సెప్పింది అన్నం డబ్బా కోసమని. ఇందల రాసిందేటి?"

"ఫార్మాలిటీ తాతా. వీళ్లకేం తెలుస్తుంది, తిని పడుకుంటారు."

సూరిబాబు సిరా అంటి నీలమైన తన బొటనవేలు చూసుకున్నాడు. "ఆయేళ మా అప్ప సేత ముద్రేయించినోడి మొకాన ఉమ్మాలనిపించినాది. ఇప్పుడు నా మొకాన నానే ఉమ్ముకోవాల."

సూరిబాబు పెన్నుకి మూతపెట్టి మోహన్‌రాజ్ జేబులో గుచ్చాడు.

"అయితే నా బండి ఎక్కనివ్వను తాతా. రోడ్డుకి తొమ్మిది మైళ్లు."

"నడుత్తాన్లే."

సూరిబాబు పాకలోకి వెళ్లి బాతిన్ ఎదట చతికిలబడ్డాడు. కాగితం తలలో ఏముందో, ముద్రలు ఏ అబద్ధంమీద పడ్డాయో, ఆ అబద్ధం ఎవరి నోటినుంచి వచ్చిందో వాళ్ల మాటలోనే చెప్పాడు. బాతిన్ అతన్ని చూడలేదు. ఇంకా తెరవని డబ్బా తీసుకుని లేచాడు.

బయట మోహన్‌రాజ్ ముద్రలున్న అట్టని సీటుకింద తోసి బండి స్టార్టు చేస్తున్నాడు. బాతిన్ డబ్బాని ఇంజనుమూత మీద పెట్టి, బండి ముందే నిలబడ్డాడు. వెనకాలే ఒకరొకరూ వచ్చి తమ డబ్బాలు తిరిగి పెట్టారు. ఆఖరున వా ఇతం వచ్చింది. అప్పటికే సగం తినేసింది పాపం. మిగిలిన సగానికి మూత గట్టిగా నొక్కి, అన్నిటికన్నా పైన పెట్టింది.